అమ్మ ముక్కుపుడకకు మళ్ళీ సాన

మా అమ్మకు వజ్రం దొరికిన పొద్దు మా నాయన అదే చేలో అవతలి గట్టున జనాన్ని తరుముతున్నాడు.

మాది వజ్రకరూరు దగ్గరి పల్లె. తొలకరి పడిందంటే ఎక్కడెక్కడి నుంచో మనుషులు మా చేలలోకి వస్తారు. మోటారుసైకిళ్ళు గట్టున ఆపి, సద్దిమూటలు వేపకొమ్మకు తగిలించి, తల వంచుకుని ఎర్రనేల మీద మెల్లగా నడుస్తారు. వాన కడిగిన మట్టిలో ఏ రాయన్నా మెరుస్తుందేమోనని వాళ్ళ ఆశ. అప్పుడే మొలిచిన చెనక్కాయ మొక్కలు వాళ్ళ కాళ్ళ కింద నలిగిపోతాయి. అందుకని మా నాయనకు వాళ్ళంటే ఒళ్ళుమంట.

"ఏమప్పా, ఈడేమన్నా మీ తాత పారేసుకొని పోయినాడా? పోండి, పోండి!" అని ఆయన అరుస్తుంటే, ఇటువైపు అమ్మ కలుపు తీస్తోంది. గడ్డి వేరుతో పాటు ఒక రాయి చేతికొచ్చింది. చెనక్కాయ విత్తనంలో సగమంత. పటికబెల్లం ముక్కలా మసకగా ఉంది కానీ, వేలితో మట్టి తుడిస్తే లోపల ఏదో వెలుగు కదిలిందట. అమ్మ దాన్ని కొంగున ముడివేసుకుని సాలు పూర్తయ్యేదాకా కలుపు తీసింది. అరవలేదు, ఎవరినీ పిలవలేదు. సాయంత్రం నాయనకు సంగటి వడ్డించి, ఆయన రెండో ముద్ద తినేటప్పుడు కొంగు విప్పి చూపించింది.

నాయన చెయ్యి కడుక్కోకుండానే లేచి తలుపు గడియ వేశాడు.

నేనప్పుడు అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. ఊరికి వెళ్ళేసరికి ఇంట్లో పెద్ద రభస. గుట్టుగా ఉంచాలనుకున్న సంగతి ఊరంతా తెలిసిపోయింది. రాళ్ళు కొనే దళారులు మా వాకిట్లో కూర్చుని కాఫీలు తాగుతున్నారు. నాయన అమ్మేసి ఇంకో బోరు వేయిద్దామంటాడు. అమ్మ ఒప్పుకోదు.

"బోరేస్తే నీళ్ళు పడతాయని రాసిచ్చినారా నీకు?" అంది అమ్మ. "ఇప్పటికేసినవి సాలవా? నేలకు బొక్కలు పెట్టింది సాలు. ఇది నా చేతికి దొరికింది. నా ముక్కుకే ఉండాల."

"ముక్కుకా? అంత రాయి ముక్కుకేంటికే?"

"నా పెండ్లికి మా అమ్మ గాజురాయి ముక్కుపుడక పెట్టి పంపించింది. ఇన్నేండ్లు అదే పెట్టుకొన్యా. ఏ పొద్దన్నా అడిగినానా నిన్ను?"

దళారులు కాఫీ గ్లాసులు కింద పెట్టి లేచి వెళ్ళిపోయారు.

తెలిసినవాళ్ళ ద్వారా ఒక పట్నంలో సానపట్టే మనిషిని పట్టుకుని నాయన స్వయంగా రాయి తీసుకెళ్ళాడు. అక్కడ ఒకే ఒక షరతు పెట్టాడు. "ఎంత తక్కువ అరగదీస్తే అంత మంచిది. బరువు పోగూడదు." జీవితమంతా చెనక్కాయలు తూకానికి అమ్మిన మనిషి. బరువే విలువని ఆయన లెక్క. ఆ సానవాడు కూడా ఎదురు చెప్పలేదు. అడిగినట్లే చేసిచ్చాడు. నాయన రాయిని తూకం వేయించి చూసుకుని, దాదాపు ఏమీ పోలేదని పొంగిపోతూ బస్సెక్కాడు.

ఆ రాయితో చేయించిన ముక్కుపుడక చూస్తే నవ్వొచ్చేది. పైన చూస్తే మామూలు వెడల్పే. కానీ రాయి లోతుగా ఉండటంతో, దాన్ని పట్టుకోవడానికి బంగారు గిన్నె ఎత్తుగా కట్టాల్సి వచ్చింది. అది ముక్కు మీద గోపురంలా లేచి నిలబడేది. అమ్మ తుమ్మితే మేమంతా దానివైపే చూసేవాళ్ళం. ఇంత చేసినా మెరుపు లేదు. నడిమధ్యలో నల్లటి మచ్చలా చీకటి ఉండేది. అమ్మ కుంకుడురసంతో కడిగింది. విభూదితో తోమింది. ఎవరో చెబితే పళ్ళపొడి కూడా పట్టించింది. కడిగిన పూట కాస్త తేటగా కనిపించి మళ్ళీ మామూలే.

అయినా ఏళ్ళ తరబడి అమ్మ దాన్ని ముక్కు నుంచి తీయలేదు. చేలోకి వెళ్ళినా, బ్యాంకుకు వెళ్ళినా అదే. "మా చేలో పుట్టింది" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేది.

ఈలోగా నా చదువైపోయి, పెళ్ళై, అనంతపురంలోనే ఒక నగల అంగట్లో ఉద్యోగానికి చేరాను. మొదట బంగారం వైపు నిలబెట్టారు. తర్వాత వజ్రాల వైపు మార్చారు. అప్పుడే కట్ అనే మాటకు ఎంత అర్థముందో నాకు కొంచెం కొంచెంగా తెలిసింది. కొనడానికొచ్చినవాళ్ళు మొదట అడిగేది ఎన్ని క్యారెట్లని. తర్వాత తెల్లదనం, లోపల మచ్చలు. కట్ గురించి అడిగేవాళ్ళు తక్కువ. కానీ రెండు రాళ్ళు పక్కపక్కన పెడితే, వాళ్ళ చెయ్యి మాత్రం బాగా కోసిన రాయి మీదికే పోతుంది. ఎందుకో వాళ్ళకే తెలియదు.

ఇది తెలిసినదాన్ని, అమ్మ ముక్కుపుడక సంగతి ఎప్పుడో గ్రహించే ఉన్నాను. కానీ అంత సంతోషంగా పెట్టుకున్నదాన్ని బాగాలేదని ఎలా చెప్పాలి?

సంగతి తేలింది కొత్తచెరువులో ఒక పెళ్ళిలో. భోజనాల బంతిలో అమ్మ పక్కన ఒక పెద్దామె కూర్చుంది. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఇంటామె. మెత్తటి మనిషి. ఆమె ముక్కుకు చిన్న రాయి. కందిబేడ కంటే చిన్నది. ఆమె తల ఇటు తిప్పితే ఒక తళుకు, అటు తిప్పితే ఒక తళుకు. అన్నం కలుపుతూ అమ్మ ముక్కు వైపు చూసి ప్రేమగా అడిగింది.

"గాజురాయా అక్కా? మా చిన్నప్పుడు అందరికీ గాజువే. ఇప్పుడు తక్కువ దుడ్లకే చిన్న రవ్వ వస్తాది. కొనుక్కోరాదా?"

అమ్మ నవ్వి, "కొనుక్కోవాల లేమ్మా" అంది. మా చేలో పుట్టిందని చెప్పలేదు. అమ్మ ఆ మాట చెప్పకుండా ఊరుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ధర్మవరం దాటాక నా చెవి దగ్గరికి వంగింది.

"నువ్వు రాళ్ళ అంగట్లోనే పనిచేస్తాండావు గదా. నిజం చెప్పు. ఇది వజ్రమేనా? మీ నాయన్ను ఆ పట్నంలో ఎవడన్నా మోసం చేసి రాయి మార్చినాడేమో?"

ఇన్నేళ్ళ గర్వం వెనక ఈ అనుమానం ఎప్పటినుంచి కూర్చుందో. "రేపు మా అంగడికి రా అమ్మా. తేల్చేస్తాం" అన్నాను.

మా అంగట్లో రాళ్ళు చూసే ఒక పెద్దాయన ఉన్నారు. తక్కువ మాట్లాడతారు. అమ్మను కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, ముక్కుపుడక తీసుకుని ముందు సబ్బునీళ్ళలో కడిగారు. పెన్నులాంటి పరికరం మొన రాయికి ఆనించారు. అది కూత పెట్టింది. అమ్మ ఉలిక్కిపడింది.

"భయపడద్దమ్మా. వజ్రమే అని చెప్తాండాది" అన్నారాయన.

అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలింది. "మల్లొకసారి కూయించప్పా" అంది. ఆయన నవ్వి మళ్ళీ కూయించారు.

తర్వాత రాయిని గిన్నెలోంచి ఊడదీసి తెల్లకాగితం మీద పెట్టారు. మా సరుకులోంచి ఇంకో రాయి తెచ్చి పక్కన పెట్టారు. పైనుంచి చూస్తే రెండూ ఒకే వెడల్పు. ఒకటి మా అమ్మది, మధ్యలో చీకటితో. రెండోది పెళ్ళిపందిరిలా వెలుగుతోంది.

"ఏది బరువమ్మా?" అని అడిగారు అమ్మను.

"మెరిసేదే ఉంటాది."

"మీదే బరువు. దానికన్నా దాదాపు సగం ఎక్కువ." చిమటాతో రెండిటినీ పక్కకు తిప్పి చూపించారు. మా రాయి బొంగరంలా పొట్ట కిందికి దిగి ఉంది. రెండోది పలచగా, కుదురుగా ఉంది. "బరువంతా అడుగున దాక్కొని ఉండాది. పైనుండి చూసేటోనికి అది కనపడదు. మీ రాయి మంచిదమ్మా, తెల్లగా ఉండాది. కోతే చెడింది."

"కోత చెడితే మెరుపు యాడికి పోతాది?"

ఆయన నా వైపు చూశారు, నువ్వే చెప్పమన్నట్లు. నేను చెప్పాను. వెలుతురు పైనుంచి రాయిలోకి దిగుతుంది. అడుగున ఉన్న పలకలు సరైన వాలులో ఉంటే, అద్దానికి తగిలినట్లు తగిలి, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఎగిరి, మళ్ళీ పైకే వచ్చి మన కంట్లో పడుతుంది. అడుగు మరీ లోతైతే అలా వెనక్కి రాదు, కిందినుంచి, పక్కలనుంచి కారిపోతుంది. మరీ పలచగా కోసినా అంతే.

అమ్మకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. "గండి పడిన కుంట మాదిరి. ఎంత వాన పడినా నిలబడదు" అంది. పెద్దాయన తల ఊపారు. తర్వాత ఆయనే అసలు మాట చెప్పారు. మళ్ళీ సానపట్టించవచ్చు. మూడోవంతు దాకా బరువు పోతుంది. వెడల్పు మాత్రం పెద్దగా తగ్గదు.

ఆ మూడోవంతు మాట ఇంటికి మోసుకెళ్ళడం మా వంతైంది.

నాయన మంచం మీద కూర్చుని రేడియో బాగుచేస్తున్నాడు. విన్నంతసేపూ విన్నాడు. రాయి అసలైనదే అన్నప్పుడు మొహం వెలిగింది. మూడోవంతు పోతుందనగానే స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"మూడోవంతా! ఎకరా మూడోవంతు కోసి పారేస్తామంటే ఒప్పుకొంటావా మ్మే?"

"అమ్మాలన్నా ఇట్ల ఉంటే పలకదు నాయనా" అన్నాను. "కొనేటోడు దాన్ని మల్లా సానపట్టాల్సిందే గదా. సానపట్టినాక ఎంత మిగులుతాదో దానికే దుడ్లు ఇస్తాడు. పొయ్యే బరువుకు ఎవడూ ఇయ్యడు. బాగా కోసిందానికి క్యారెట్‌కు ధర ఎక్కువ. తేలికైనా విలువ తగ్గదు."

"అమ్మేదెవురు? నేను అమ్మను" అంది అమ్మ వంటింట్లోంచి.

"అమ్మనప్పుడు కోసేదేంటికి?" అన్నాడు నాయన.

"పెట్టుకొనేది నేను గదా. అందుకు."

రెండు రోజులు ఇంట్లో ఆ మాటే. నాయన బరువు వదలడు, అమ్మ మెరుపు వదలదు. మూడోరోజు పొద్దున నాయన గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించినట్లున్నాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, ఎవరితోనో కాదు, చెంబుతో అన్నట్లు అన్నాడు.

"తడి చెనక్కాయ తూకానికి వస్తాది. నూనెకు రాదు. మండీలో తడికాయ తెచ్చినోన్ని నేనే ఎన్నోసార్లు తిట్టినా." తర్వాత తల ఎత్తి, "ఏ ఊర్లో సానపడతారంట?" అని అడిగాడు.

అమ్మ లోపలికెళ్ళి ఆయనకు ఇష్టమైన తీపి ఓళిగలకు శనగబేడలు నానబోసింది.

మా అంగడి పెద్దాయన బెంగళూరులో ఒక సానవాడి పేరు చెప్పారు. ముగ్గురమూ పొద్దున్నే బస్సెక్కాం. రాయి పొట్లం అమ్మ రవికెలో, దానికి కాపలాగా నాయన ఆమె పక్కన. పెనుకొండ దాకా ఎవరు నిద్రపోవాలని వాదించుకుని ఇద్దరూ నిద్రపోయారు. చిలమత్తూరు దగ్గర టిఫినుకు ఆపినప్పుడు నేను లేపితే, నాయన మొట్టమొదట అమ్మ వైపు చూసి, "ఉండాదా?" అన్నాడు. పక్కసీటాయన ఆమె ఆరోగ్యం గురించే అడిగాడనుకుని "దేవుడున్నాడులే అన్నా" అని ధైర్యం చెప్పాడు.

సానవాడు మాట్లాడటం మొదలుపెట్టగానే మాకు ప్రాణం లేచొచ్చింది. మడకశిర పక్క మనిషి. గొర్రెల కాపరుల ఇంట్లో పుట్టి, బెంగళూరుకు పనికొచ్చి, ఈ విద్య నేర్చుకున్నాడట. సగం తెలుగు, సగం కన్నడం. నాయనతో ముందు గొర్రెల ధర గురించి, వానల గురించి మాట్లాడి, ఆ తర్వాతే రాయి చేతిలోకి తీసుకున్నాడు.

దాన్ని ఒక చిన్న యంత్రంలో పెట్టాడు. తెరమీద మా రాయి పెద్దదై, తిరుగుతూ కనిపించింది. దాని లోపల ఎర్రగీతలతో ఇంకో చిన్న రాయి. తొడుగు లోపలి గింజలా.

"ఎర్రగీత లోపల ఉండేది మిగులుతాది. బయట ఉండేది పోతాది" అన్నాడు. తర్వాత ఒకచోట వేలు పెట్టాడు. "ఈడ సన్న పగులుండాది అన్నా. పాత సానలో దాన్ని ముట్టుకోకుండా వదిలేసినాడు. నేను ఆ పక్కన అరగదీసేటప్పుడు అది పెద్దదైతే ఇంకా తగ్గించాల్సి వస్తాది. కాదని చెప్పను. కానీ జాగ్రత్తగా చేస్తా. పగులు దగ్గరికి పోకుండా, కొంచెం లోతు ఉంచి కూడా చెయ్యొచ్చు. బరువు మిగులుతాది, మెరుపు రవంత తగ్గుతాది. ఏది చేయమంటారు?"

నాయన నోరు తెరిచాడు. అమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"అప్పా, ఇంత దూరం వచ్చింది రవంత తగ్గించుకొనేకి కాదు. బాగా చెయ్యి. పగిలితే నా రాత" అంది.

నాయన నోరు మూసుకుని, కాసేపాగి మళ్ళీ తెరిచాడు. "సరే గానీ, ఆ పోయే పొడి ఉంటాది గదా. అది మాకియ్యప్పా. అదీ వజ్రమే గదా."

సానవాడు పగలబడి నవ్వాడు. మమ్మల్ని తీసుకెళ్ళి సాన చక్రం చూపించాడు. నూనెలో కలిపిన వజ్రపు పొడి దాని మీద బూడిదరంగు పూతలా ఉంది. వజ్రాన్ని అరగదీయాలంటే వజ్రపు పొడే కావాలి. "నీ రాయి పొడి ఈ నూనెలో కలిసిపోతాది అన్నా. దాన్ని ఎట్ల ఏరిచ్చేది?" నాయన ఆ చక్రాన్ని చాలా గౌరవంగా చూశాడు. వేలు పెట్టబోతే నేను ఆపాను.

పని పూర్తయిందని ఫోను వచ్చేదాకా అమ్మ మామూలుగానే ఉంది. ముక్కుకు మాత్రం వేపపుల్ల పెట్టుకుంది, రంధ్రం పూడకుండా. నాయనే రోజూ నాకు ఫోను చేసి, "రాయి పగల్లేదంట గదా? ఏమన్నా చెప్పినాడా?" అని అడిగేవాడు. వాడు చెబితే నేను చెప్పనా అంటే, "ఊరికే అడిగితి" అని పెట్టేసేవాడు.

మళ్ళీ ముగ్గురం వెళ్ళాం. సానవాడు మడతకాగితం విప్పి మా ముందు పెట్టాడు. పగులు పెద్దది కాలేదు, అరగదీసిన భాగంలోనే మొత్తంగా పోయింది. రాయి వెడల్పు చూస్తే నాకే నమ్మకం కలగలేదు. అంతే ఉన్నట్లుంది. పొట్ట మాత్రం లేదు. నేను అంగట్లో రోజూ రాళ్ళు చూసేదాన్ని, అయినా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను.

నాయనకు నమ్మకం లేదు. "ఈడ లైట్లు పెట్టుకొన్యారు. లైట్ల కింద గాజు కూడా మెరుస్తాది" అని, సానవాణ్ణి అడిగి, కాగితంతో సహా రాయిని బయటికి తీసుకెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో అరచేతిలో పెట్టుకుని చూశాడు. మొహం మాడిపోయింది.

"మ్మే! నల్లగా ఉండాదే! ఎండలో నల్లగా ఉండాది!"

అమ్మ పరుగెత్తింది. నేను పరుగెత్తాను. నిజంగానే రాయి ఎండలో ముదురుగా ఉంది. అక్కడక్కడా ఎర్రటి, నీలపు నిప్పురవ్వలు మాత్రం లేస్తున్నాయి. నాకు తెలిసిన సంగతే, అయినా ఆ గాబరాలో మరిచిపోయాను. సానవాడు తాపీగా వచ్చి నాయన మోచెయ్యి పట్టుకుని వీధి పక్కన కానుగ చెట్టు కిందికి నడిపించాడు.

"నెత్తిమీద సూర్యుడుంటే ఎంత మంచి రాయైనా ఇట్లే అన్నా. ఆ ఒక్క వెలుతురే, మిగతాదంతా చీకటి. నీడలో చూడు."

కానుగ నీడలో ఆకుల సందుల్లోంచి చిన్న చిన్న ఆకాశపు ముక్కలు. నాయన అరచెయ్యి తెరిచాడు. ఆకులు గాలికి కదిలినప్పుడల్లా రాయి మొత్తం మీద తళుకులు పరుగులు తీశాయి. ఒకటి ఆరితే ఇంకొకటి. మధ్యలో చీకటి లేదు. వీధిలో పోతున్న కూరగాయల బండామె ఆగి, తొంగి చూసి, కన్నడంలో "ఎష్టు చెన్నాగిదె!" అంది, ఎంత బాగుందో అని.

నాయన అమ్మ వైపు చూశాడు. "నీ చెయ్యి మంచిదే. కలుపులో ఇది దొరికింది" అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "దుమ్ము" అంది. బెంగళూరులో ఆ వీధిలో దుమ్ము లేదు.

ఈసారి గిన్నె ఎత్తుగా కట్టాల్సిన అవసరం లేకపోయింది. మా అంగట్లో బంగారుపని చేసే ఆచారి దాన్ని వెనక తెరిచి ఉంచి, సన్నటి కొక్కీలతో పట్టించాడు. ముక్కుకు అతుక్కుని కూర్చుంది. అమ్మ ఊళ్ళో అందరికీ మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. నాయనైతే ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ లోతు, వాలు, పలకలు అని ఉపన్యాసం. "బరువు చూసి మోసపోవద్దప్పా" అని ఆయనే అంటుంటే అమ్మ వంటింట్లో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.

పోయిన నెల ఆధార్ కార్డులో పాత ఫొటో మార్పిద్దామని అమ్మను గుంతకల్లు తీసుకెళ్ళాం. ఫొటో తీసే అమ్మాయి కెమెరా వైపు చూడమని, బటన్ నొక్కి, తెర చూసి పెదవి విరిచింది.

"పెద్దమ్మా, ముక్కుపుడక మెరుస్తాండాది. రవంత తల తిప్పుకో."

అమ్మ తిప్పుకుంది. మళ్ళీ తీసింది. మళ్ళీ తెల్లటి చుక్క.

"రవంత ఇటు. కాదు, అటు. పెద్దమ్మా, దాన్ని తీసి పక్కన పెట్టు. లేకుంటే కుదరదు."

వెనక వరుసలో జనం గొణుగుతున్నారు. అమ్మ చెయ్యి ముక్కు దగ్గరికి వెళ్ళింది. నాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"తియ్యద్దు. పాపా, నువ్వు ఎన్నిసార్లన్నా తియ్యి. మాకేం తొందర లేదు. అది కార్డులో పడాల్సిందే."

ఆ అమ్మాయి నాయనను చూసింది, అమ్మను చూసింది, నవ్వుతూ లైటును కాస్త పక్కకు జరిపింది. కార్డు వచ్చింది. అందులో అమ్మ మొహం మసకగానే ఉంది, అన్ని కార్డుల్లో ఉన్నట్లే. ముక్కు మీద మాత్రం ఒక చిన్న తెల్లటి చుక్క స్పష్టంగా పడింది. నాయన ఆ కార్డును తన జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు. అమ్మకు అవసరమైనప్పుడు అడిగి తీసుకోవాలి.